కనిపించని శ్రమ

పాఠశాల అనగానే మన కన్నుల ముందు నల్లబల్ల, పాఠం చెప్పే గురువు, వరుసగా కూర్చున్న విద్యార్థులు మెదలుతారు. ఆ పాఠం సక్రమంగా సాగడం వెనుక ఎంత పని ఉన్నదో సాధారణంగా ఎవరూ ఆలోచించరు. ఆ పని భారం ప్రధానోపాధ్యాయునిది. ముఖ్యంగా ఆ పదవిని కొత్తగా స్వీకరించినవారి తొలి సంవత్సరం ఇతరులకు కనిపించని శ్రమతోనే గడుస్తుంది. దానిని వట్టి గుమాస్తా పనిగా భావించి, విద్యకు దానితో సంబంధం లేదనుకోవడం సరికాదని నా అభిప్రాయం.

మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులలో చాలామంది స్కూల్ అసిస్టెంట్లుగా అనేక సంవత్సరాలు బోధించి, పదోన్నతిపై వచ్చినవారే. నిన్నటి వరకు గణితమో, ఆంగ్లమో చెప్పిన వ్యక్తి ఛార్జి తీసుకున్న నాటి నుండి అడ్మిషన్ రిజిస్టరు, హాజరుపట్టీలు, క్యాష్ బుక్కు, సర్వీసు రిజిస్టర్లు, బీరువా తాళాలు అన్నింటికీ బాధ్యులవుతారు. జీతాల బిల్లులపై సంతకం చేయాలి. సెలవు పెట్టిన ఉపాధ్యాయుని తరగతికి మరొకరిని సర్దాలి. యు-డైస్ వంటి గణాంక సేకరణకు వివరాలు పంపాలి. బోధనలో ఎంత అనుభవం ఉన్నా, ఈ పని నేర్చుకోవడం మళ్ళీ అక్షరాభ్యాసం వంటిదే.

ఈ కాగితాల విలువ ఏమిటి? పదవ తరగతి పరీక్షకు పంపే నామినల్ రోల్‌లో పుట్టిన తేదీ తప్పుగా పడితే, ఆ తప్పు ధ్రువపత్రంలోకి ఎక్కి ఉద్యోగ దరఖాస్తు వరకు విద్యార్థిని వెంటాడుతుంది. టి.సి. ఆలస్యమైతే ఊరు మారిన కూలీ కుటుంబంలోని పిల్లవాడు చదువుకు దూరం కావచ్చు. అందుకే 2009 విద్యాహక్కు చట్టం టి.సి. వెంటనే ఇవ్వాలని ప్రధానోపాధ్యాయుని ఆదేశించింది. అది రాలేదన్న కారణంతో కొత్త బడి ప్రవేశం నిరాకరించరాదని కూడా చెప్పింది. హాజరుపట్టీలో ఒక బాలిక పేరు ఎదురుగా వారం రోజులు గైర్హాజరు కనిపిస్తే, ఆ ఇంటికి కబురు పంపవలసినది ప్రధానోపాధ్యాయుడే. ఆమెను పత్తి చేలోకి పంపుతున్నారో, పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టబోతున్నారో మొదట సూచించేది ఆ పట్టీయే.

వంటగది మరొక బాధ్యత. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వండి వడ్డించే మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో ప్రారంభమైంది. ఉన్నత ప్రాథమిక తరగతులలో ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం లెక్క. అంటే ఉదయం 200 మంది హాజరైతే 30 కిలోలు కొలిచి ఇవ్వాలి. వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలి. ఈ జాగ్రత్త ఎందుకో 2013 జూలై 16న బీహార్‌లోని సారణ్ జిల్లా గండామన్ గ్రామం దేశానికి తెలిపింది. అక్కడ బడిలో భోజనం చేసిన 23 మంది పిల్లలు మరణించారు. వంటనూనెలో పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలింది.

దానికి సరిగ్గా తొమ్మిదేళ్ళ ముందు, 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక పాఠశాల వంటగదిలో పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకొని 94 మంది పిల్లలను బలిగొన్నది. ఆ తరువాత 2009లో సుప్రీంకోర్టు పాఠశాలలలో అగ్నిప్రమాద నివారణ చర్యలు తప్పనిసరి అని ఆదేశించింది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు కాకుండా, ముందుగానే వంటగది చూసి, దారులు చూసి, తలుపులు చూసే మనిషి ప్రతి బడిలోనూ ఉండాలి. ఆ మనిషి తన పని చక్కగా చేసిన రోజున ఏమీ జరగదు. ఏమీ జరగలేదు కనుక ఎవరూ మెచ్చుకోరు.

“పరీక్షా ఫలితాలే బడికి గీటురాయి, మిగిలినవి ఎవరైనా చేస్తారు” అని కొందరంటారు. ఫలితాలు ముఖ్యమే. కాని ఆకలితో, భయంతో, మరుగుదొడ్డి లేక ఇబ్బందితో కూర్చున్న విద్యార్థికి పాఠం ఎలా తలకెక్కుతుంది? మరికొందరు, ఈ పనులలో మునిగి ప్రధానోపాధ్యాయులు తరగతి గదిని మరచిపోతున్నారంటారు. ఈ విమర్శలో నిజం ఉంది. అయితే దానికి పరిష్కారం ఆ పనులను నిర్లక్ష్యం చేయడం కాదు, వాటిని పంచడం.

కొత్తగా వచ్చినవారికి ఛార్జి తీసుకొనే ముందే రికార్డులు, ఖాతాలు, భద్రతా నియమాలపై శిక్షణ ఇవ్వాలి. ప్రతి ఉన్నత పాఠశాలకు గుమాస్తాను నియమించాలి. ఒకే సమాచారాన్ని పలు నమూనాలలో పదే పదే అడిగే అలవాటును పై కార్యాలయాలు మానుకోవాలి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడు వంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. వారు సంతకాలకే పరిమితం కాక వంటగదిని, మంచినీటిని, మరుగుదొడ్లను స్వయంగా చూసుకుంటే భారం సగం తగ్గుతుంది.

విద్యార్థులు చేయగలిగినది కూడా కొంత ఉంది. తమ పేరు, పుట్టిన తేదీ రికార్డులలో సరిగా ఉన్నాయో లేదో తామే చూసుకోవచ్చు. బడి మానిన తోటివారి సంగతి చెప్పవచ్చు. అన్నంలో తేడా కనిపిస్తే జంకకుండా తెలుపవచ్చు. బడిని కాపాడే పని ఒక్క ప్రధానోపాధ్యాయునికే వదలివేయకుండా అందరూ పంచుకున్నప్పుడే, ఆయన తిరిగి సుద్దముక్క పట్టి తరగతి గదిలోకి అడుగుపెట్టగలుగుతారు.