పందెపు టైర్లవలని భేదము తెలియునా?

మన పాఠశాలకు సైకిళ్లపై వచ్చు విద్యార్థుల సంఖ్య కొంచెమైనది కాదు. వారిలో పై తరగతులవారి నడుమ ఇటీవల నొక వాదము బయలుదేరినది. ఐరోపా ఖండమున జరుగు గొప్ప సైకిలు పందెములను చేతిఫోనులలో చూచిన బాలురు, ఆ పందెగాండ్రు వాడునట్టి పలుచని, తేలికయగు టైర్లను వేసికొన్నయెడల తమ సైకిళ్లును గాలివలె పోవునని నమ్ముచున్నారు. ఒక్కొక్క టైరు వెల వేల రూపాయలు. ఈ కోరిక విని ఇంటియొద్ద తండ్రి యేమనునో నేను వ్రాయనక్కరలేదు. ఉపాధ్యాయులలో కొందరు "టైరులో నేమున్నది? బలమంతయు కాలిలో నున్నది" అని యీ మాటనే కొట్టివేయుచున్నారు.

ఈ రెండు పక్షములును సత్యమునకు దూరములని నా యభిప్రాయము. భేదము కలదు. అది లెక్కకు వచ్చునంతటిది. కాని మన శరీరమునకు తోచు భేదమొకటి, గడియారము చూపు భేదము మరియొకటి. ఈ రెంటిని కలిపివేయుటచేతనే చిక్కు కలుగుచున్నది.

ప్రశ్న క్రొత్తది కాదు. 1887వ సంవత్సరమున ఐర్లండు దేశమందలి బెల్‌ఫాస్టు పట్టణములో జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడుండెను. ఆ దినములలో చక్రములకు గట్టి రబ్బరు పట్టీలు మాత్రమే యుండెడివి. తన కుమారుని మూడుచక్రముల బండి రాతి బాటలపై అదరిపోవుట చూచి, ఆయన యొక కొయ్య బిళ్ల చుట్టును గాలి నింపిన రబ్బరు గొట్టమును బిగించి, దానిని తన ఆవరణములో చేతితో దొర్లించెను. తరువాత కుమారుని బండి చక్రమును అట్లే దొర్లించెను. గట్టి రబ్బరు చక్రము దారిలోనే పడిపోయెను. గాలి చక్రము ఆవరణము కొనవరకు పోయి అచ్చటి తలుపునకు తగిలెను. ఇంతకంటె సులభమును, నమ్మదగినదియునైన పరీక్ష మరియొకటి నాకు కానరాదు. (గాలిటైరునకు 1845లోనే రాబర్ట్ విలియం థామ్సన్ అనునాయన పేటెంటు పొందియుండెననియు, ఆ కారణముచేత డన్లప్ పేటెంటు నిలువలేదనియు ఇక్కడ చెప్పవలసియున్నది. లోకము మరచినంతమాత్రమున మొదటివాని హక్కు పోదుగదా.) 1889 మే 18న బెల్‌ఫాస్టు క్వీన్స్ కళాశాల ఆటల పోటీలలో విలియం హ్యూమ్ అను యువకుడు గాలిటైర్లుగల సైకిలునెక్కి పందెములు గెలిచెను. అంతటితో గట్టి రబ్బరు కాలము తీరెను.

అయితే అది గట్టి రబ్బరునుండి గాలికి వచ్చిన మార్పు. ఇప్పుడు మన బాలురు అడుగుచున్నది, సామాన్యమైన గాలిటైరునుండి ఉత్తమమైన గాలిటైరునకు మారినచో నేమగునని. దీనికి ప్రత్యుత్తరము చెప్పవలెనన్న టైరు మన బలమును ఎట్లు హరించుచున్నదో తెలిసికొనవలెను.

రబ్బరు బంతిని చేతినుండి నేలపైకి విడిచినచో, అది యెగిరి మరల చేతివరకు రాదు. పడుటలో పొందిన శక్తిలో కొంత రబ్బరు లోపలనే వేడిమిగా మారిపోవును. సైకిలు టైరునకును ఇదే గతి. ఎక్కినవాని బరువుచేత నేలను తాకు భాగము అణగును. చక్రము తిరిగినకొలది ఆ భాగము లేచి దాని ప్రక్కది అణగును. అయిదు కిలోమీటర్ల ప్రయాణములో టైరు 2,000 మారులకు పైగా ఇట్లు నలిగి లేచుచున్నది. నలిగిన ప్రతిసారియు మనము త్రొక్కి సంపాదించిన శక్తిలో కొంత వేడిమియై పోవుచున్నది.

ఎంత పోవుననునది టైరు లోపలి గుడ్డపైని, పైని రబ్బరుపైని ఆధారపడియుండును. నేతపనివారి యిండ్లనుండి వచ్చు మన విద్యార్థులకు ఇది సులభముగా బోధపడును. ముతక నూలు గుడ్డ మడిచినచో బిఱుసుగా నుండును. సన్ననూలు గుడ్డ మెత్తగా వంగును. టైరునందును అంతే. మొదటి టైర్లలో కాన్వాసు గుడ్డనే యుంచిరి. చక్రము తిరిగినపుడెల్ల పడుగును పేకయు ఒకదానినొకటి ఒరసికొని అరిగెడివి. ఆ యొరపిడిలో శక్తియు వ్యర్థమయ్యెడిది. 1890ల దశకమున పామర్ అను అమెరికాదేశస్థుడు పడుగుపేకల నేతను విడిచి, పోగులను ఒకే దిశగా పరచి, రబ్బరులో నతికి, ఒక పొరపై మరియొక పొరను ఏటవాలుగా వేయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. నేటి సైకిలు టైర్లన్నియు ఇంచుమించుగా ఈ మార్గముననే చేయబడుచున్నవి. పందెపు టైర్లలో పోగులు మిక్కిలి సన్నములు. మేలైన నూలు టైర్లలో అంగుళమునకు 320 పోగుల వరకు నుండును. కొందరు తయారీదారులు పొరలన్నిటి పోగులను కూడి యొకటే సంఖ్యగా చూపుదురు గనుక, పెట్టెపైని అంకెను మాత్రమే చూచి మురిసిపోరాదు.

ఇక లెక్క. సైకిలును మనిషియు కలిసి 80 కిలోల బరువనుకొందము. నున్నని బాటపై మిక్కిలి మంచి పందెపు టైర్లను దొర్లించుటకు బరువులో వేయింటికి 3 వంతుల బలము చాలును. అనగా 240 గ్రాముల బరువును వ్రేలాడదీసిన త్రాడు లాగునంత బలము. మందమైన సామాన్యపు టైర్లకు వేయింటికి 6 వంతులు, అనగా 480 గ్రాములు, కావలసియుండును. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవునపుడు మొదటివి సుమారు 20 వాట్లను, రెండవవి సుమారు 40 వాట్లను మ్రింగును. త్రొక్కువాడు గంటకు పైగా 150 వాట్ల శక్తితో త్రొక్కగలవాడైనచో, గాలి నిరోధమును కూడ కలిపి లెక్కించిన, 40 కిలోమీటర్ల దూరమున అతనికి సుమారు 4 నిమిషములు మిగులును. గెలుపోటములు క్షణములలో తేలు పందెమున 4 నిమిషములనగా నేమో విద్యార్థులు ఎరుగుదురు. కాబట్టి "టైరులో నేమున్నది" అనువారి మాట నిలువదు. సైకిలు భాగములలో సొమ్ము పెట్టినందుకు ఇంత స్పష్టముగా ఫలమిచ్చునవి మరికొన్ని మాత్రమే కలవు. తేలిక చట్రము కొరకు పదింతలు వెచ్చించువారు టైరు మాట తలపెట్టకపోవుట నాకు వింతగా నున్నది.

కాని యీ భేదమును కాళ్లు గుర్తించునా? ఇక్కడనే మన యింద్రియములు మనలను వంచించుచున్నవి. సన్నని టైరులో గాలిని బిగ్గరగా నింపినచో సైకిలు చేతులక్రింద జివ్వున అదరును. ఎక్కినవాడు ఆ యదరునే వేగమని తలంచును. ఎన్నియో యేండ్లు పందెగాండ్రు సహితము ఇట్లే తలంచి, 23 మిల్లీమీటర్ల టైర్లలో చదరపు అంగుళమునకు 120 పౌండ్ల వరకు గాలి నింపుచుండిరి. తరువాత కొలిచి చూడగా సత్యము వేరుగా నుండెను. గతుకుల బాటపై మితిమీరి గట్టిగానున్న టైరు ప్రతి రాతిపైని ఎగురును. ఆ యెగురుటకు కావలసిన శక్తి యెక్కినవాని కండలలోనుండియే పోవును. కొంచెము వెడల్పై, కొంచెము తక్కువ గాలిగల టైరు ఆ రాతిని తనలో నిముడ్చుకొని సాగిపోవును. నేడు గొప్ప పందెములలో 28, 30 మిల్లీమీటర్ల టైర్లు సామాన్యములైనవి. 1896లో ఆరంభమైన పారిస్-రూబే పందెమున సుమారు 50 కిలోమీటర్లకు పైగా రాతి పలకల బాట కలదు. దానియందు ఇంకను వెడల్పైన వాటిని వాడుచున్నారు. మెత్తగా పోవుచున్నదే, వేగము తగ్గినట్లున్నదే యని శరీరము చెప్పుచున్నను, గడియారము మాత్రము వేగము హెచ్చినదనియే సాక్ష్యమిచ్చినది.

బరువు మాటయు అట్టిదే. చక్రపు అంచునందలి బరువును కదలించుటకు చట్రమునందలి బరువునకు కావలసినదానికి ఇంచుమించు రెండింతల శక్తి కావలెననుట నిజమే. తేలిక టైరు వేసిన సైకిలు బయలుదేరునపుడు చురుకుగా దుముకును. దుకాణము ముందర పది గజములు త్రొక్కి చూచినవానికి తెలియునది ఇదియే. అయితే సమనేలపై ఒకసారి వేగమందుకొన్న తరువాత ఆ బరువువలన నష్టము అత్యల్పము. మొదటి పది గజములలో తెలిసిన సుఖమునుబట్టి టైరును కొనువాడు తప్పు సాక్షిని నమ్మినవాడగును.

ఇక మన బాటలకు వత్తము. బాలుడొకడు అయిదు కిలోమీటర్ల దూరమునుండి గంటకు 15 కిలోమీటర్ల వేగమున పాఠశాలకు వచ్చునని యనుకొందము. ఈ మందవేగమున గాలి నిరోధము కొంచెమే గనుక టైరు వంతు ఎక్కువగును. అంతే శ్రమతో పందెపు టైర్లపై వచ్చినచో, నున్నని బాటయందు అతనికి 20 నిమిషములకు మారుగా సుమారు 18 నిమిషములు పట్టును. ఇది చిన్న లాభము కాదు. అయితే ఆ పలుచని టైరునకు మన చేల గట్లపైని పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఏమి చేయునో ఆలోచింపుడు. ముల్లును అడ్డగించు మందమైన పట్టీ యే సామాన్యపు టైరును బరువుగా చేయుచున్నది. ఆ పట్టీ తీసివేయుటచేతనే పందెపు టైరు చురుకుగా పోవుచున్నది. పది దినములలో పొదుపుచేసిన 20 నిమిషములను ఒక్క పల్లేరుకాయ యొక్క ఉదయమున హరించును. పంక్చరు వేయించిన కూలి అదనము. సైకిళ్లపై గ్రామగ్రామము తిరిగిన మన సంఘ ఉపదేశకులు బరువైన టైర్లనే వాడి, పంపును ప్యాచి సామానును వెంటనుంచుకొనుట తెలివితక్కువచేత కాదు.

మరియొక సంగతి దుకాణమునకు పోకముందే తెలిసియుండవలెను. నల్లని పెద్ద సైకిళ్ల 28 × 1½ టైరు కూర్చుండు చక్రపు కొలత 635 మిల్లీమీటర్లు. పందెపు టైరుది 622. రెంటిని 28 అంగుళములవని పిలుచుట గలదు, కాని ఒకటి మరియొకదాని చక్రమునకు పట్టదు. టైరు ప్రక్కను ముద్రించిన మూడంకెల కొలతను చూడక డబ్బు చెల్లించిన తండ్రికి టైరు గూట నుంచుకొనుటయే మిగులును.

సొమ్ము ఖర్చు లేకయే పొందదగిన లాభము మాత్రము అందరి యెదుటను ఉన్నది. దానిని ఎవరును చూచుటలేదు. సైకిళ్ల షెడ్డులో నిలుచుండి బొటనవ్రేలితో నొక్కి చూచితిని. అనేక టైర్లు అంబలి సంచులవలె నున్నవి. గాలి తక్కువైనకొలది టైరు ఎక్కువగా నలుగును, ఎక్కువగా నలిగినకొలది ఎక్కువ బలమును మ్రింగును, ప్రక్కలు చిట్లి త్వరగా చెడిపోవును. పోయిన డిసెంబరులో మా తొమ్మిదవ తరగతివారు డన్లప్ పరీక్షను తమకు తగినట్లు చేసి చూచిరి. ఒకే సైకిలు, ఒకే బాలుడు. గేటు దగ్గరి వాలునుండి త్రొక్కక జారి, ఆగినచోట సుద్దతో గీత గీచిరి. మొదట మెత్తబడిన టైర్లతోను, పిమ్మట నిండ గాలితోను మూడేసి మారులు చేసిరి. రెండవసారి గీతలు మూడును మొదటివాటిని చాల దూరము దాటి పడినవి. క్రొత్త టైర్లు కావలెనని పట్టుపట్టిన బాలుని సైకిలే యీ పరీక్షకు తెచ్చిరని వేరుగా చెప్పనక్కరలేదు.

కాబట్టి నా సలహా యిది. జిల్లా పందెములకు పోవు నలుగురైదుగురు బాలురకు, తగిన చక్రములుగల సైకిలున్నయెడల, తండ్రికి శక్తి యున్నయెడల, పందెపు టైర్లు కొనుట వ్యర్థవ్యయము కాదు. 28 మిల్లీమీటర్లకు తక్కువది వలదు, పందెపు దినమున తక్క వాటిని వాడవలదు. పలుచని లేటెక్సు ట్యూబు ఇంకను కొన్ని వాట్లను మిగిల్చును గాని, దానినుండి గాలి తొందరగా తగ్గును గనుక ప్రతి ఉదయమున పంపు పట్టవలసియుండును. తక్కినవారు టైరు అరిగినపుడు ముల్లునకు తాళునట్టి మంచి రకమును కొని, టైరు ప్రక్కను ముద్రించిన మేరకు గాలి నింపుకొనవలెను. బరువెక్కువగా పడునది వెనుక చక్రముపై గనుక మంచి గాలియు మంచి టైరును ముందుగా దానికే యియ్యవలెనని కొందరందురు. రబ్బరు మాటలో నాకు సమ్మతము కాదు. వెనుక టైరు పగిలిన సైకిలు ఈడ్చుకొని నిలుచును. ముందు టైరు పగిలినచో మనిషి పడును. క్రొత్త టైరు ముందరికి వేసి, ముందరిదానిని వెనుకకు మార్చుడు.