ఎవరికీ అక్కర్లేనోళ్ల టీమ్

బేస్‌బాల్ తెలియకపోయినా ఫర్వాలేదు. ఎప్పుడో ఒకసారి సెలక్షన్ లిస్టులో పేరు లేక ఇంటికొచ్చినవాళ్లైతే చాలు, ఈ కథ మీదే.

అమెరికాలో మేజర్ లీగ్ కింద మైనర్ లీగులుంటాయి. అక్కడి టీముల్లో చాలావాటికి పైన ఒక పెద్ద క్లబ్ ఉంటుంది. ప్లేయర్లను పంపేదీ, జీతాలిచ్చేదీ అదే. కుర్రాడు బాగా ఆడాడా, పైకి లాగేసుకుంటుంది. కింద టీమ్ గెలిచిందా ఓడిందా దానికి పెద్ద పట్టింపు ఉండదు.

1972 సీజన్ అయ్యాక, ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నుంచి బీవర్స్ టీమ్ తట్టాబుట్టా సర్దేసింది. స్టేడియానికి జనం రావట్లేదు మరి. ఇక ఆ ఊళ్లో ఆట పని అయిపోయిందనుకున్నారంతా.

అప్పుడు దిగాడు బింగ్ రస్సెల్. 'బొనాంజా' టీవీ సీరియల్‌లో డిప్యూటీ షెరీఫ్ వేషం వేసిన నటుడు. హాలీవుడ్ హీరో కర్ట్ రస్సెల్‌కి నాన్న. 1973లో నార్త్‌వెస్ట్ లీగ్‌లో పోర్ట్‌లాండ్ మావెరిక్స్ పెట్టాడు. పైన ఏ క్లబ్బూ లేదు. అంటే ప్లేయర్లను పంపేవాళ్లూ లేరు.

ఏం చేశాడంటే, ఎవరైనా రావచ్చని ఓపెన్ ట్రయల్స్ పెట్టాడు. వేరే టీములు వద్దన్నవాళ్లు, వయసు దాటిపోయిందనిపించుకున్నవాళ్లు దేశం నలుమూలల నుంచీ వచ్చేశారు. గడ్డాలు, జుట్టు, అల్లరి... దేనికీ అడ్డు చెప్పలేదు. కర్ట్ కూడా కొన్నాళ్లు ఆడాడు. ఇక మొదటి మ్యాచ్‌లోనే జీన్ లాంథార్న్ అవతలి టీముకి ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు! ఆ ఏడాది డివిజన్ కూడా వాళ్లదే.

తర్వాత లానీ మాస్ అనే అమ్మాయిని జనరల్ మేనేజర్‌ని చేశాడు. ఆ రోజుల్లో అది పెద్ద వింత. యాంకీస్‌కి ఆడిన జిమ్ బౌటన్ కూడా ఆట మానేశాక మళ్లీ ఇక్కడికొచ్చి బంతి పట్టాడు. తోటి పిచర్ రాబ్ నెల్సన్‌తో కబుర్లాడుతుంటే ఒక ఐడియా పుట్టింది: పొగాకు నమిలే బదులు, అలాగే సన్నగా తరిగిన బబుల్ గమ్ నమిలితే? అదే 'బిగ్ లీగ్ చ్యూ'. ఇప్పటికీ అమ్ముతున్నారు.

1977లో 44 గెలుపులు, 22 ఓటములు. లీగ్‌లో అందరికంటే బెస్ట్. ఫైనల్లో మాత్రం బెల్లింగ్‌హామ్ చేతిలో ఓడారు.

అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. స్టేడియం నిండుతోందని చూసి, వదిలేసి వెళ్లిన పై స్థాయి లీగ్ మళ్లీ ఊరు కావాలంది. రూల్ వాళ్ల వైపే ఉంది, పరిహారం కడితే చాలు. ఇస్తామన్న చిన్న మొత్తానికి బింగ్ ఒప్పుకోలేదు. మధ్యవర్తుల దాకా వెళ్లి 2,06,000 డాలర్లు రాబట్టాడు. డబ్బొచ్చింది, టీమ్ పోయింది.

ఐదు సీజన్లు. ఒక్క లీగ్ కప్పూ లేదు. అయినా 2014లో బింగ్ మనవళ్లు 'ది బ్యాటర్డ్ బాస్టర్డ్స్ ఆఫ్ బేస్‌బాల్' అని డాక్యుమెంటరీ తీస్తే, ముసలైపోయిన ఆ ప్లేయర్లు నిన్నే ఆడి వచ్చినట్టు చెప్పుకొచ్చారు. వీలు దొరికితే చూడండి. మొన్న సెలక్షన్లో పేరు రాని ఫ్రెండ్ ఉంటే, వాణ్నీ పక్కన కూర్చోబెట్టుకోండి.