ఖాలా పడేసిన పాగల్ దవా



మైదుకూరులో మా ఖాలాకు షుగర్ వల్ల అరికాళ్ళు మండుతుంటే డాక్టర్ రాత్రికి 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశాడు. డిగ్రీ చదివే మనవడు ఫోన్‌లో చూసి "నానీ, ఇది డిప్రెషన్ మాత్ర" అన్నాడు. ఇంకేముంది! "నేనేమన్నా పాగలా?" అని స్ట్రిప్పు తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పడేసింది. మంట మళ్ళీ మొదలు.

ఒకే దవా రెండు మర్జ్‌లకు పనిచేస్తుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. 1961 నుంచి వాడుకలో ఉన్న మందు ఇది. సెరొటోనిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలను నరాలు వెనక్కి పీల్చుకోకుండా ఆపుతుంది. తక్కువ మోతాదులో నరాల నొప్పికి, మైగ్రేన్‌కు ఇస్తారు. ఎక్కువ మోతాదులో ఉదాసీకి. నిద్ర మొదటి రాత్రే వస్తుంది, మనసు కుదుటపడటానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మనవాళ్ళకు అంత సబర్ ఏదీ? నోరు ఎండిందని వారానికే మానేస్తారు.

పాత మందని చిన్నచూపు వద్దు. 2018లో లాన్సెట్ పత్రికలో 21 డిప్రెషన్ మందులను పోల్చిచూస్తే, అసర్‌లో ఇదే ముందు నిలిచింది. అయినా ఉదాసీకి డాక్టర్లు ముందుగా ఎస్సిటలోప్రామ్ లాంటివే రాస్తారు. నా రాయ్ కూడా అదే, ఎందుకంటే దీని తకలీఫ్‌లు ఎక్కువ: నోరు ఎండటం, మలబద్ధకం, చూపు మసక. ప్రోస్టేట్ ఉన్న పెద్దాయనకు మూత్రం ఆగిపోవచ్చు. కొన్ని రకాల గ్లకోమా ఉన్నవాళ్ళకు కంటికే ముప్పు. ఫజర్‌కు దిగ్గున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మంచం అంచున కాసేపు కూర్చుని వజూకు లేవాలి. రంజాన్‌లో రాత్రి మాత్రతో రోజాకు అడ్డేమీ లేదు, కానీ మన కడప ఎండల్లో నోరు ఎండటం మామూలు విషయం కాదు. నెల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఎవరికి వారు హఠాత్తుగా మానకండి.

అసలు ఖతరా వేరే ఉంది. మోతాదు మించితే ఈ మాత్ర గుండె లయనే దెబ్బతీస్తుంది. పిల్లలకు కొన్ని మాత్రలే చాలు. ఎవరైనా ఎక్కువ మింగారని తెలిస్తే, బాగానే కనిపిస్తున్నారని ఆగకండి, వెంటనే 108. ఇంట్లో బతుకు మీద విసుగు మాటలు మాట్లాడేవాళ్ళుంటే స్ట్రిప్పు వాళ్ళ చేతికి అందనివ్వకండి. ఘబ్రాహట్, ఏడుపు కనిపిస్తే జిన్నాత్ అసరని తావీజుతో సరిపెట్టడం మనకు అలవాటు. దువా చేయండి, కాదనను. టెలీ మానస్ 14416కు ఫోన్ కూడా చేయండి, పైసా ఖర్చు లేదు.

ఖాలా డాక్టర్‌ను మళ్ళీ అడిగి మొదలుపెట్టింది. స్ట్రిప్పు ఇప్పుడు బీరువాలో, తాళంచెవి మా భాభీ కొంగున.