మనూళ్లో ఆడకుండానే మన కప్పు
మ్యాచ్ ఉన్న సాయంత్రం హైదరాబాద్ ఉప్పల్ స్టేడియం దగ్గర తాడు కట్టి నారింజ జెర్సీలు వేలాడదీస్తారు, నాచారం వెళ్లే ఆటోవాడు మీటరు మాటెత్తడు. ఈ సందడంతా సన్‌రైజర్స్‌ది. 2016లో ఫైనల్ బెంగళూరులో గెలిచినా, ఆ సీజన్ సొంత మ్యాచులు ఇక్కడే ఆడింది. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్ సంగతి అది కాదు. ఎన్నికల వల్ల టోర్నీ దక్షిణాఫ్రికాకు పోయింది, ఉప్పల్‌లో ఒక్క బంతీ పడలేదు. 2022లో ఫుట్‌బాల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ కొట్టింది కూడా గోవాలోనే. కరోనా కాబట్టి సీజనంతా అక్కడే. ఫైనల్లో 88వ నిమిషంలో సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు, పెనాల్టీల్లో కట్టిమణి మూడు ఆపాడు. ఆ గోల్‌కీపర్‌కి ఊళ్లో ఒక్క ఈల పడలేదే అని నాకిప్పటికీ బాధ. సొంతూళ్లో ఆడి గెలిచిన జట్టు కథ వేరు. 1888-89లో మొట్టమొదటి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్‌ని ప్రెస్టన్ నార్త్ ఎండ్ 22 మ్యాచుల్లో ఒక్కటీ ఓడకుండా గెలిచింది, సగం మ్యాచులు సొంత డీప్‌డేల్‌లోనే. అగ్రశ్రేణి లీగ్ టైటిల్ చేజిక్కి నూటముప్పై ఏళ్లు దాటినా ఆ జట్టు అక్కడే ఆడుతోంది, జనం వస్తున్నారు. మన చార్జర్స్ 2012లో మాయం, ఎఫ్‌సీ ఢిల్లీకి మూట కట్టింది. డబ్బు చిక్కులే కారణం, కాదనను. కానీ ఆ రెండు కప్పుల్ని కళ్లారా చూసి ఉంటే, ఇంత చప్పుడు లేకుండా పోనిచ్చేవాళ్లమా?