తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే బిడ్డ మనోవర్తి ఆగిపోతుందా?

కిందటి నెలలో ఒక ఫ్యామిలీ కోర్టు వరండాలో ఒకామె పక్కన కూర్చున్నాను. విడాకులై నాలుగేళ్లయింది. తొమ్మిదేళ్ల కూతురు ఆమె దగ్గరే ఉంటోంది. బట్టలు కుట్టి బతుకుతోంది. మొదటి భర్త తల్లీబిడ్డలకు కలిపి నెలకు ఎనిమిది వేలు ఇవ్వాలని కోర్టు ఉత్తర్వు. కిందటేడు ఆమె ఆటో నడుపుకునే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. మరుసటి నెల నుంచే డబ్బు ఆగిపోయింది. అడిగితే, "కొత్త మొగుడు సంపాదిస్తున్నాడుగా, వాణ్ణే పోషించమను" అన్నాడట. "నేను పెళ్ళి చేసుకుంటే నా బిడ్డకు శిక్షా మేడమ్?" అని ఆమె నన్నడిగింది.

ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు. చాలా ఏళ్లుగా కోర్టుల్లో, కులపెద్దల పంచాయితీల్లో నేను వింటున్నదే. అతను మళ్ళీ పెళ్ళి చేసుకుంటే "సంసారం పెరిగింది, అంత ఇచ్చుకోలేను" అంటాడు. ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే "ఆమెకు ఆధారం దొరికింది, ఇక నేనెందుకు ఇవ్వాలి" అంటాడు. పెళ్ళి ఎవరు చేసుకున్నా తగ్గేది మాత్రం బిడ్డ కంచంలో అన్నమే!

చట్టం ఇలా చెప్పడం లేదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్, భార్య హక్కునూ బిడ్డ హక్కునూ వేరువేరుగానే చెప్పాయి. విడాకులు పొందిన స్త్రీ మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె మనోవర్తి ఆగుతుంది. బిడ్డది ఆగదు. 1986 నాటి ముస్లిం మహిళల చట్టం వచ్చాక కూడా బిడ్డల హక్కు చెక్కుచెదరలేదని సుప్రీంకోర్టు 1997లో స్పష్టం చేసింది. పోషించాల్సింది కన్నవాళ్లు. సవతి తండ్రి మీద ఆ భారం ఈ చట్టం పెట్టలేదు. అతను ప్రేమతో పెట్టే ముద్ద వేరు, తండ్రి బాధ్యతగా ఇవ్వాల్సిన డబ్బు వేరు.

తల్లి సంపాదన లెక్కలోకి రాదా అంటే, వస్తుంది. తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులైతే ఎవరి జీతాన్ని బట్టి వాళ్లు బిడ్డ ఖర్చు పంచుకోవాలని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. ఇది న్యాయమే. కానీ ఆమె కుట్టుమిషన్ మీద సంపాదించేది వేరు, ఆమె భర్త ఆటో మీద సంపాదించేది వేరు. రెండూ కలిపేసి లెక్కగట్టడంలో ఒక పాత నమ్మకం దాగి ఉంది. స్త్రీ ఒక మగవాడి పోషణ నుంచి మరో మగవాడి పోషణలోకి మారుతుందనీ, బిడ్డ ఆమె వెంట పోయే మూటలాంటిదనీ. మరి తండ్రి రెండో భార్య జీతమెంత అని అడిగినవాళ్లు నాకింతవరకూ తారసపడలేదు. ఆమె జీతంలోంచి ఇమ్మని మనమూ అడగడం లేదు. కొలత ఇద్దరికీ ఒకటే ఉండాలంటున్నాం. అతని రెండో సంసారంలోని పిల్లలకూ హక్కుంది. అయితే వాళ్లను చూపించి మొదటి బిడ్డను లెక్కలోంచి తప్పించకూడదు.

మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి జరిమానా వేయడం మన చట్టాలకు కొత్త కాదు. వితంతువుల పెళ్ళిని చట్టబద్ధం చేసిన 1856 చట్టమే, పెళ్ళి చేసుకోగానే మొదటి భర్త ఆస్తి మీద ఆమె హక్కు పోతుందంది. పిల్లల సంరక్షణ వేరేవాళ్లకు ఇమ్మని భర్త తరఫు బంధువులు కోర్టుకెక్కే దారీ తెరిచింది. ఆ చట్టం 1983లో రద్దయింది. అది నేర్పిన బుద్ధి మాత్రం ఇంకా రద్దు కాలేదు.

అందుకే కొన్ని జాగ్రత్తలు మనం అందరికీ చెప్పాలి. ఉత్తర్వులోనూ, పరస్పర అంగీకారంతో తీసుకునే విడాకుల కాగితంలోనూ బిడ్డ మొత్తాన్ని విడిగా రాయించుకోవాలి. తల్లీబిడ్డలకు కలిపి ఒకే అంకె ఉంటే, రేపు ఆమె పెళ్ళి పేరు చెప్పి మొత్తం ఎగ్గొడతారు. వరండాలో కలిసినామెకు జరిగింది అదే. "బిడ్డ ఖర్చు అడగను" అని పెద్దమనుషులు రాయించే కాగితం మీద సంతకం పెట్టవద్దు. ఆ హక్కు బిడ్డది, వదులుకోవడానికి తల్లిది కాదు. పరిస్థితులు మారాయనుకుంటే తండ్రి కోర్టుకు వెళ్లి మార్పు అడగాలే గానీ తనంతట తాను ఆపే వీల్లేదు. 125, 144 సెక్షన్ల కింద వచ్చిన ఉత్తర్వైతే, ఆగిన డబ్బు కోసం బాకీ పడిన రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పెట్టాలి. ఆ గడువు దాటనివ్వకండి. ఇద్దరూ ఆస్తులూ అప్పులూ ప్రమాణపత్రంలో చూపాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అతను ఇచ్చిన పత్రాన్ని అడిగి తీసుకుని చదవండి.

వరండాలో ఆమెకు ఇదంతా చెప్పాను. వినీ వినీ, "అయితే నేను తప్పు చేయలేదన్నమాట" అంది. చట్టం ఏనాడో చెప్పిన మాట ఆమె దాకా చేరడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది బడి ఫీజు బాకీ పడింది. ఇంకో తల్లికి అలా కాకుండా చూడటం మన పని.