కాలేజీ ఫుట్‌బాల్ క్యాంపుకని పిల్లల్ని అమెరికా పంపాలా?



ఈమధ్య మన బెంగళూరు తెలుగు ఇళ్ళల్లో ఒక కొత్త మాట వినబడుతోంది: ఐడీ క్యాంపు. అమెరికా కాలేజీల ఫుట్‌బాల్ కోచ్‌లు తమ మైదానంలోనే ఒకటి రెండు రోజులు పెట్టే శిబిరం ఇది. ఆ ఆటను అక్కడ సాకర్ అంటారు. పిల్లలు ఫీజు కట్టి వెళ్ళి ఆడతారు, కోచ్ చూస్తాడు. వారం వారం పిల్లల్ని ఫుట్‌బాల్ అకాడమీలకు తిప్పుతున్న కొందరికి ఆ కాలేజీల నుంచి ఈమెయిళ్ళు వచ్చాయి. పంపమంటారా అని మమ్మల్ని అడుగుతున్నారు. ఒక ఇంట్లో ఫస్ట్ పీయూసీ చదివే అమ్మాయి కోసం పీఎఫ్ డబ్బు తీద్దామా అన్నదాకా వచ్చింది. అందుకే ఇంత పొడుగున రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కోచ్ ఆ పిల్ల ఆట వీడియో చూసి, ఆ పిల్ల ఆట గురించే రెండు మాటలు రాసి పిలిస్తే పంపండి. అలాంటి జవాబు రాకపోతే విమానం టికెట్టు కొనకండి.

ఎందుకంటే ఆ ఈమెయిల్ పిలుపు కాదు, ప్రకటన. అక్కడి కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ నియమం ప్రకారం కాలేజీ పెట్టే క్యాంపు అందరికీ తెరిచి ఉండాలి. ఎంతమంది, ఏ వయసు, ఏ తరగతి, ఆడపిల్లలా మగపిల్లలా అన్నవి తప్ప ఇంకే వడపోతా పెట్టకూడదు. కాబట్టి అది కోచ్ ఎంపిక చేసి పంపిన ఉత్తరం అయ్యే అవకాశమే తక్కువ. ఇంకో సంగతి. ఫుట్‌బాల్‌లో పదో తరగతి పూర్తయిన ఏడాది జూన్ 15కి ముందు డివిజన్ వన్ కోచ్ పిల్లలతో జట్టులో చేర్చుకునే మాట మాట్లాడకూడదు, కానీ క్యాంపు కరపత్రం ఎప్పుడైనా పంపవచ్చు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి వచ్చిన ఈమెయిల్ చూసి స్వీట్లు పంచిన తండ్రిని మేము ఎరుగుదుం. పాపం, ఆ సంతోషాన్ని చెడగొట్టడం మాకూ ఇష్టం లేకపోయింది. చాలాచోట్ల ఆ ఫీజులో కొంత అసిస్టెంట్ కోచ్‌ల చేతికి వెళ్తుంది. అది మోసమేమీ కాదు, వాళ్ళ జీతాలు అంతంతమాత్రం. కాకపోతే ఈమెయిళ్ళు వందల మందికి ఎందుకు వెళ్తాయో దాన్నిబట్టి అర్థమవుతుంది.

ఇక స్కాలర్‌షిప్ సంగతి. మనవాళ్ళలో చాలామంది ఫుల్ స్కాలర్‌షిప్ అనుకుంటున్నారు. మొన్నమొన్నటిదాకా డివిజన్ వన్‌లో మగపిల్లల జట్టు మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లు, ఆడపిల్లల జట్టుకు 14. దాన్నే కోచ్ ముక్కలు చేసి పాతిక ముప్పై మందికి సర్దేవాడు. ఆడపిల్లలకు ఎక్కువ ఉండటానికి కారణం 1972 నాటి టైటిల్ నైన్ చట్టం. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం తరువాత, అందులో చేరిన కాలేజీలకు ఆ లెక్క పోయింది. దాని బదులు జట్టులో 28 మందికి మించకూడదన్నారు. స్కాలర్‌షిప్ పరిమితి పోయిందని డబ్బు పెరుగుతుందనేమీ లేదు. ఆ కాలేజీల్లో చోట్లకు మాత్రం గట్టి హద్దు పడింది. పైగా ఒక కాలేజీలో రెండేళ్ళు ఆడి ఇంకో కాలేజీకి మారే ఇరవై ఏళ్ళవాళ్ళు కోచ్‌కు సిద్ధంగా దొరుకుతున్నారు. యూరప్ క్లబ్బుల అకాడమీల్లో పెరిగినవాళ్ళూ ఆ చోట్లకే వస్తారు. మన పిల్లవాడి పోటీ పక్క వీధి అకాడమీ పిల్లలతో కాదు, వీళ్ళతో.

అలాగని దారే లేదని మేము అనడం లేదు. మనవాళ్ళు అంతగా పట్టించుకోని దారి ఒకటుంది, డివిజన్ త్రీ. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ అసలు ఇవ్వరు. ఇది వినగానే మనవాళ్ళు ఫోను పెట్టేస్తారు! కాని ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, బోడిన్ ఆడేది డివిజన్ త్రీలోనే. ఈ మూడూ విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేదా అన్నది సీటు ఇచ్చేటప్పుడు చూడవు. ఇచ్చాక కుటుంబం కట్టలేని మేరకు సాయం చేస్తాయి. ఇలాంటి కాలేజీల్లో చాలావాటిలో, కోచ్‌కు పిల్ల నచ్చితే ముందుగా మార్కులు అడ్మిషన్ ఆఫీసుకు పంపించి, అవకాశం ఉందో లేదో కనుక్కుంటాడు. అందుకే ఫస్ట్ పీయూసీ వేసవిలో క్యాంపులకు తిరిగి మార్కులు పోగొట్టుకున్న పిల్ల, ఉన్న పెద్ద తలుపును తానే మూసుకున్నట్టు. డివిజన్ వన్‌కైనా తొమ్మిది నుంచి పన్నెండు దాకా 16 ముఖ్య సబ్జెక్టుల మార్కులు చూస్తారు. తొమ్మిదో తరగతి మార్కుల కార్డు ఎక్కడుందో ఇవాళే వెతకండి.

మధ్యవర్తుల గురించి ఒక్క మాట. స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం, వచ్చాక అందులో ఇంత శాతం ఇవ్వండి అనే ఒప్పందం ఎవరైనా తెస్తే సంతకం పెట్టకండి. అలా స్కాలర్‌షిప్‌ను బట్టి ఫీజు తీసుకోవడాన్ని ఎన్‌సీఏఏ ఒప్పుకోదు, పిల్లల అర్హతకే ముప్పు.

పిల్లలు అక్కడి స్థాయి కళ్ళారా చూస్తే మంచిదే కదా అని కొందరు అంటున్నారు. ఆ మాటలో నిజముంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మేనత్త ఉండి, వేసవికి ఎలాగూ వెళ్తుంటే, కారులో వెళ్ళివచ్చే దూరంలో ఒక రోజు క్యాంపుకు రెండు మూడు వందల డాలర్లు పెట్టడం తప్పు కాదు. ఒకటి చాలు. వారం రోజుల్లో నాలుగు కాలేజీలు తిప్పితే, నాలుగోచోట కోచ్ చూసేది అలసిపోయిన కాళ్ళనే. కేవలం క్యాంపు కోసమే లక్షకు పైగా టికెట్టు పెట్టి, వీసా కోసం నిలబడి పంపడం వేరు. ఆ డబ్బుతో ఇక్కడ ఏడాదంతా మంచి కోచింగ్, బూట్లు, బయటి ఊళ్ళ టోర్నమెంట్లు అన్నీ అవుతాయి.

పీఎఫ్ తీయాలా అని అడిగిన ఆ తండ్రికి మేము చెప్పింది ఇది. అమ్మాయి మూడు నాలుగు నిమిషాల వీడియో, ఒక పూర్తి మ్యాచ్ వీడియో సిద్ధం చేసుకోవాలి. ప్రతి ముక్క మొదట్లో తాను ఎక్కడుందో బాణం గుర్తుతో చూపాలి. తన మార్కులు, తాను ఆడే స్థానం రాసి, చదవాలనుకున్న పది పదిహేను కాలేజీల కోచ్‌లకు తానే ఈమెయిల్ రాయాలి. నాన్న రాయకూడదు, రాస్తే కోచ్‌కు ఇట్టే తెలిసిపోతుంది. ఆమెకు తీరిగ్గా కూర్చుని ఆ పది ఉత్తరాలు రాసే ఓపిక లేకపోతే, ఆ కోరిక ఎవరిదో ఇంట్లో మాట్లాడుకోవాల్సిందే. ఎవరైనా కోచ్ జవాబిచ్చి, ఫలానా మ్యాచ్‌లో నీ ఎడమ కాలి పాస్ బాగుంది, క్యాంపుకు రా అంటే, అప్పుడు పీఎఫ్ సంగతి మళ్ళీ కూర్చుని మాట్లాడదాం.

అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలోనో మరోచోటో మీ పిల్లల మ్యాచ్ ఉంటే రెండు రోజుల ముందు చెప్పండి. ఫోను పట్టుకుని గట్టు మీద నుంచి తీస్తే చేతులు వణుకుతాయి, ఆట కనబడదు. సంఘం ఆఫీసులో ట్రైపాడ్ ఉంది. ఎవరో ఒకరం వచ్చి పైమెట్ల మీద పెట్టి తొంభై నిమిషాలూ తీసిపెడతాం.