వెలుతురును దిద్దుడు, ముఖమును గాదు

నేడు చేతిలో ఫోను గలవాడెల్ల ఛాయాచిత్రకారుడే. చిత్రమును దీయుటయే గాక దానిని దిద్దుటయు నతని చేతిలోనే యున్నది. పూర్వము చీకటిగదిలో మందునీళ్ల నడుమ నేండ్ల తరబడి నేర్చిన పనిని నేటి బాలుడు వ్రేలికొనతో జేయుచున్నాడు. ఇది వినోదమే గదా, పాఠశాలలో బోధింపవలసిన దేమున్నదని కొందఱందురు. మేమట్లు తలంపము. దిద్దుట యొక విద్య. విద్య యగుటచే దానికి వరుసయు, నియమమును గలవు. వానిని నేర్పక పనిముట్టును మాత్రమే పిల్లల చేతికిచ్చుట పెద్దల లోపమని మా యభిప్రాయము.

ఈ యభిప్రాయము మాకు నష్టము వలన గలిగినది. గత సంవత్సరము సంచిక కొఱకు, ఉదయప్రార్థన ముగియగానే, ఒక తరగతి బృందచిత్రమును దీసితిమి. తెల్లని యుడుపులు, వెనుక సున్నము వేసిన గోడ. చిత్రమున ముఖములన్నియు నల్లబడినవి. బాగుచేయుమని దానినొక విద్యార్థి కొసంగితిమి. మఱునాడతడు తెచ్చిన చిత్రమున నలువదిమందియు మైనపుబొమ్మలవలె తెల్లగా, నున్నగా నుండిరి. ఒక బాలిక దానిని జూచి, "మాస్టారూ, ఇందులో నేనేదండీ?" అని యడిగెను. ఆమె చెంపమీది పుట్టుమచ్చ మాయమైనది. "అందఱు బాగుందురని చేసితినండీ" అని యా బాలుడు బెదరుచు బలికెను. అసలు చిత్రమును దెమ్మనగా, దాని మీదనే దిద్ది భద్రపఱచితినని చెప్పెను. మఱల దీయుదమన్నను, అప్పటికే తరగతిలో నొకడు తండ్రికి బదిలీ యగుటచే వేఱూరికి వెడలిపోయి యుండెను. ఆ నలువదిమంది కలసియున్న చిత్రము నేటికిని లేదు. తప్పు బాలునిది గాదు. నేర్పక పని యప్పగించిన మాది.

ముఖములేల నల్లబడినవో ముందుగా దెలిసికొనవలయును. కెమెరా సాధారణముగా దన యెదుటి దృశ్యము సగటున నడిమి బూడిదవన్నె గలదని యూహించి వెలుతురును గొలుచును. తెల్లని వస్తువులు మిక్కుటముగా నున్నప్పుడు వానిని బూడిదవన్నెకు దింపజూచును. ఆ దింపులో ముఖములును నల్లబడును. కావున ఎక్స్‌పోజరును గొంత పెంచి చిత్రమంతటికిని వెలుతురు గలిగించుట యబద్ధము గాదు. కెమెరా పొరపాటును సవరించుటయే. కాని మనిషి మేనిచాయను మార్చుట వేఱు. నల్లని ముఖము తప్పు గాదు. దానిపై వెలుతురు చాలకుండుటయే తప్పు. ఈ రెంటికిని గల భేదమును గుర్తించినవాడు ఈ విద్యలో సగము నేర్చినట్లే.

ఇక క్రొత్తగా నేర్చువారికి వరుస చెప్పెదము. మొదట నకలు దీసి, నకలునే దిద్దవలయును, అసలును ముట్టరాదు. జేపెగ్ చిత్రమును దిద్ది భద్రపఱచినప్పుడెల్ల దానిలో గొంత వివరము నశించుచుండును. పిమ్మట ఒరగియున్న చిత్రమును నిలువు చేసి, అనవసరమైన యంచులను గత్తిరింపవలయును. కత్తిరించిన కొలది పిక్సెళ్లు తఱుగును. అంగుళమునకు 300 పిక్సెళ్ల చొప్పున 6 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పున నచ్చువేయుటకు 1800, 1200 పిక్సెళ్లు కావలయును. తరువాత ఎక్స్‌పోజరు. సాధారణ చిత్రమున ప్రతి పిక్సెలునందును ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెలు 0 మొదలు 255 వఱకు నంకెలుగా నుండును. తెల్లచొక్కా యంతయు 255కు జేరినచో దాని ముడుతలు మఱి కానరావు. కావున మితము వలయును. అటుపిమ్మట దీపపు పసుపుచాయను బోగొట్టుటకు తెల్లని వస్తువు నొకదానిని గుఱుతుగా గొని వన్నెలను సరిచేయవలయును. అంచులకు పదును పెట్టుట కడపటి పని. అచ్చుకు బంపునప్పుడు వాట్సాప్‌లో మామూలు చిత్రముగా బంపినచో నది కుదించుకొనిపోవును. డాక్యుమెంటుగా బంపుట మేలు. ఈ పనులన్నింటికిని 1996లో తొలిసారి వెలువడిన జింప్ చాలును. దానికి వెల లేదు.

ఈ పొరపాటు పిల్లలకే పరిమితము గాదు. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక, అడ్డముగా దీసిన చిత్రమును నిలువు ముఖపత్రమున కిముడ్చుటకై గీజా పిరమిడ్లను దగ్గఱకు జరిపి విమర్శకు గుఱియైనది. 1994 జూనులో టైమ్ పత్రిక ఓ. జె. సింప్సన్ ముఖమును నల్లగా జేసి ముఖపత్రమున వేసెను. న్యూస్‌వీక్ అదే పోలీసు చిత్రమును నలుపుచేయకయే ప్రకటించుటచే జనులు రెంటిని పోల్చి చూడగలిగిరి. ఒకచో నలుపు చేసిరి, మా తరగతిలో తెలుపు చేసిరి, తప్పు మాత్రమొక్కటే.

పూర్వపు స్టూడియోలలోను పెన్సిలుతో ముడుతలను మాన్పెడివారు గదా యని యడుగవచ్చును. నిజమే. తన పటమును దనకు నచ్చినట్లు చేయించుకొనుట యెవరి యిష్టము వారిది. కాని పరుల ముఖమును వారినడుగక మార్చుటకును, పదిమందికి గుఱుతుగా నిలువవలసిన చిత్రమును మార్చుటకును మనకు హక్కు లేదు. రెండు చిత్రములను ప్రక్కప్రక్కన నుంచి చూపినప్పుడు, చిత్రములోని మనిషి రెండవదానిని జూచి "ఇది నేనే" యనవలయును. అదియే మా పరీక్ష.

ఈ సంవత్సరము తరగతి కొక గంట చొప్పున నీ పాఠమును జెప్పితిమి. ఈ సంచికలోని చిత్రములను దిద్దినవాడా బాలుడే. అసలు చిత్రములన్నియు వేఱుగా భద్రముగా నున్నవి.